35 రోజుల్లో నవల రాసిన రిపోర్టర్: ఫ్రెడరిక్ ఫోర్సైత్ ఆత్మకథ ఎలా ఉంది?

నమస్తే అండి. ఈసారి మనం మాట్లాడుకునే పుస్తకం ‘ది ఔట్‌సైడర్’. 2015లో వచ్చిన ఫ్రెడరిక్ ఫోర్సైత్ ఆత్మకథ. పేరు చెబితే వెలగకపోవచ్చు గానీ, ‘ది డే ఆఫ్ ద జకాల్’ రాసినాయన అంటే చాలామందికి తెలిసిపోతుంది. కోఠిలో పాత పుస్తకాల గుట్ట కదిపితే చాలు, అడుగున ఎక్కడో ఒక కాపీ ఉంటుంది, అట్ట చిరిగిపోయి.

ఈయన ముందు బ్రిటిష్ వాయుసేనలో పైలట్. తర్వాత నార్ఫోక్‌లో లోకల్ పేపర్ రిపోర్టర్. 1961లో రాయిటర్స్ వార్తాసంస్థలో చేరితే, మర్నాటి ఏడాది పారిస్ పంపారు. ఫ్రాన్స్ చేతిలో ఉన్న అల్జీరియాను వదులుకున్నాడన్న కసితో, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఓఏఎస్ అనే ముఠా తిరుగుతున్న రోజులవి. 1962 ఆగస్టులో ఆయన కారు మీద తూటాలు కురిపించారు కూడా, తప్పించుకున్నాడు. డిగాల్ ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్లడం మన కుర్ర రిపోర్టర్ డ్యూటీ. అలా తిరిగేటప్పుడే ఈయనకో సంగతి తట్టింది. ముఠాలో అందరి ఫైళ్లూ పోలీసుల దగ్గరున్నాయి. వీళ్ల వల్ల కాదు. ఏ ఫైల్లోనూ పేరు లేని బయటి మనిషి వస్తేనే పనవుతుంది. నవల విత్తనం అదే, అప్పటికి రాయాలన్న ఆలోచనే లేదు!

తూర్పు బెర్లిన్ కథ చదివి నేను పగలబడి నవ్వాను. 1964లో ఒక అర్ధరాత్రి రోడ్డు మీద వరసగా సోవియట్ ట్యాంకులు. యుద్ధమే అనుకుని వార్త పంపేశాడు, రాజధానుల్లో పెద్దవాళ్ల నిద్రలు చెడ్డాయి. తీరా చూస్తే అది మేడే పెరేడ్ రిహార్సల్.

తర్వాత బయాఫ్రా, అంటే నైజీరియా నుంచి విడిపోతామని తిరగబడ్డ ప్రాంతం. ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. 1967లో నైజీరియా అంతర్యుద్ధానికి బీబీసీ పంపింది. ఆఫీసుతో పడలేదు. 1968లో ఉద్యోగం వదిలేసి సొంతంగా మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఆకలితో చచ్చిపోతున్న పిల్లల గురించి రాసిన పేజీల్లో, దాదాపు యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ కోపం చల్లారలేదు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. బయాఫ్రా వైపు గట్టిగా నిలబడ్డాడన్నది కూడా నిజమే, దాచుకోలేదు.

కానీ ఒక విషయం నాకు మింగుడుపడలేదు. అక్కడున్నప్పుడే బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ సిక్స్‌కి సమాచారం ఇచ్చానని ఈ పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. ఆయనకది సరదా సాహసంలా ఉంది. మరి రేపు ఇంకో దేశంలో చెక్‌పోస్ట్ దగ్గర నిజమైన విలేకరి నిలబడితే, ‘నువ్వూ గూఢచారివేగా’ అంటే ఏం చెప్పుకోవాలండీ?

1970 జనవరిలో లండన్. జేబులో డబ్బుల్లేవు, ఉద్యోగం లేదు, ఫ్రెండు ఇంట్లో మకాం. పాత టైప్‌రైటర్ ముందేసుకుని 35 రోజుల్లో జకాల్ పూర్తి చేశాడు. పబ్లిషర్లు వద్దన్నారు. ‘డిగాల్ నిక్షేపంలా బతికే ఉన్నాడు కదా, ఇక సస్పెన్స్ ఏముంది?’ అన్నది వాళ్ల అనుమానం. అక్కడే పొరపడ్డారు. 1971లో నవల వచ్చాక జనం చదివింది ‘చస్తాడా’ అని కాదు, ‘వీడెలా చేస్తాడు’ అని. అందులో హంతకుడు చనిపోయిన పసిబిడ్డ బర్త్ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్ట్ సంపాదించడం ఉంది చూడండి, అది కల్పన కాదు. అప్పట్లో బ్రిటన్‌లో నిజంగా ఉన్న లొసుగు. రిపోర్టర్ వార్త రాసినట్టే రాశాడు: ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు.

ఇంత జరిగితే, ఆ 35 రోజుల గురించి ఆత్మకథలో చెప్పింది చాలా తక్కువ. నాకు ఉసూరుమనిపించింది. గొప్పలు మాత్రం దండిగా ఉన్నాయి, కొన్నిచోట్ల ‘అబ్బ, నిజమేనా స్వామీ’ అనిపిస్తుంది.

ఆయన 2025 జూన్‌లో, 86 ఏళ్ల వయసులో పోయారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు జకాల్ చదవండి. అది పట్టేస్తేనే ఈ పుస్తకం జోలికి రండి. వస్తే మాత్రం బయాఫ్రా పేజీలు నెమ్మదిగా చదవండి.