సమాధి రాయి మీద "నిద్రించెను" అని ఎందుకు చెక్కుతారు?

నమస్కారం. నవంబరు 2న, సమాధుల పండుగ నాడు, గుంటూరులోని క్రైస్తవ సమాధుల తోటకు వెళితే, కొత్తగా సున్నం కొట్టిన సమాధుల మీద, కొవ్వొత్తులకూ బంతిపూలకూ మధ్య, ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: "ప్రభువునందు నిద్రించెను". చనిపోయాడనడానికి నోరు రాక అలా రాస్తారని ప్రతి ఏడూ నా పక్కన ఎవరో ఒకరు వివరిస్తూనే ఉంటారు. "కాలం చేశారు" వంటి మర్యాద మాటల్లో ఇదీ ఒకటని వారి లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ వీడియో.

విజయవాడ స్టేషనులో అర్ధరాత్రి రైలెక్కిన ప్రయాణికుడు, "మా ఊరు రాగానే కాస్త లేపండి" అని ఎదుటి బెర్తు పెద్దాయనకు చెప్పి దుప్పటి కప్పుకుంటాడు. లేపేవారు ఉన్నారన్న భరోసా లేకపోతే అతనికి కునుకైనా పట్టదు. సమాధి మీది "నిద్రించెను" కూడా, పడుకున్నవాడి కంటే లేపేవాడి గురించే ఎక్కువ చెబుతుంది. యోహాను సువార్త 11వ అధ్యాయంలో, చనిపోయిన తన స్నేహితుడు లాజరు నిద్రిస్తున్నాడనీ, తాను లేపడానికి వెళుతున్నాననీ యేసు అంటే, శిష్యులు మామూలు నిద్రే అనుకొని, అయితే బాగుపడతాడులే అంటారు. వారు నిద్ర అనుకున్నారు, మనం మర్యాద అనుకుంటున్నాం. సిమెట్రీ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా పడుకునే చోటు అనే అర్థం.

ఇక పేరు, జననం, మరణం అన్నవి ఒకప్పుడు బోగీ తలుపు పక్కన అంటించిన చార్టు వంటివి. వాటి కింద ఉండే బైబిలు వచనం టికెట్టు. ఈ టికెట్టును చదివేటప్పుడు మాట్లాడుతున్నది ఎవరో గమనించాలి. "మంచి పోరాటము పోరాడితిని" అని ఉంటే, పౌలు తిమోతికి రాసిన మాటను పోయినవారి నోట పలికిస్తున్నారు. "పునరుత్థానమును జీవమును నేనే" అని ఉంటే మాట్లాడుతున్నది యేసు. "జ్ఞాపకార్థము" అంటున్నది కుటుంబం. ఒక్క రాయి మీద మూడు గొంతులు ఉండగా, వాటిని కలగలిపి చదివి, పోయినాయన తనను తానే పొగుడుకున్నాడని నవ్వినవారిని నేను చూశాను.

గుంటూరులో నల్ల గ్రానైటు పలకలు చెక్కే ఒక దుకాణంలో కాసేపు కూర్చున్నాను. అక్షరాలు కత్తిరించిన స్టిక్కరును రాయికి అంటించి, గాలి ఒత్తిడితో ఇసుకను కొట్టి, పడిన గుంటల్లో బంగారు రంగు నింపుతున్నారు. అక్షరానికి ఇంత అని ధర కావడంతో, వచ్చినవారు వచనం వద్దనుకొని "2 తిమోతి 4:7" అని మాత్రమే వేయించుకున్నారు. టికెట్టుకు బదులు పీఎన్‌ఆర్ నంబరు రాసి పెట్టడమన్నమాట! బైబిలు తెలిసినవారికి అది చాలు గాని, దారిన పోయేవారికి ఏమీ చెప్పదు. ఒక్క వాక్యానికైనా ఖర్చు పెట్టవలసిందని నా అభిప్రాయం.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ఆర్.ఐ.పి. అనేది మొదట ఇంగ్లీషు కాదు, "రెక్వియెస్కాత్ ఇన్ పాచె" అనే లాటిన్ ప్రార్థన. పోయినవారికి ఇచ్చే ఆజ్ఞ కాదు కనుక, "శాంతిగా విశ్రమించు" అనడం కంటే "విశ్రమించుగాక" అనడమే సరి. ఐ.హెచ్.ఎస్. అనేవి గ్రీకులో యేసు పేరులోని మొదటి మూడు అక్షరాలు. ముస్లిం సమాధుల మీద కనిపించే "ఇన్నా లిల్లాహి" వాక్యం, మనం అల్లాహ్‌కు చెందినవారము, ఆయన వైపే మరలిపోతాము అంటుంది. అది బతికి ఉన్నవారినీ కలుపుకొని చెప్పే మాట.

ఇంకా వెనక్కి వెళితే, నేటి పల్నాడు జిల్లాలోని నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి జ్ఞాపకార్థం ఆయన ఇంటి స్త్రీలు నిలిపిన ఛాయాస్తంభం దొరికింది. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కిన లేఖనం అది. ఛాయ అంటే అక్కడ ప్రతిరూపం. రాజు బొమ్మలు స్తంభం మీదే ఉన్నాయి. నా రైలు పోలిక అక్కడ పనిచేయదు. ఆ రాతిలో రాజు నిద్రపోవడం లేదు, కొలువుతీరి ఉన్నాడు.