సినిమా రీలుతో గండికోట పనోరమా: 35 ఎంఎం ఫిల్మ్‌ని ఫోర్ బై ఫైవ్ కెమెరాలో ఎట్ల పెట్టాల?

నమస్తే అండి. ఇంట్లో ఫోర్ బై ఫైవ్ కెమెరా, అంటే నాలుగు బై ఐదు అంగుళాల ఫిల్మ్ పట్టే పెద్ద కెమెరా, ఉండి కూడా షీట్ ఫిల్మ్ (ఒక్కో ఫోటోకి ఒక్కో విడి ముక్క) రేటు చూసి బయటికి తియ్యలేకపోతున్నోళ్ళ కోసం ఈ వీడియో. షూటింగుల్లో వాడకుండా మిగిలిపోయిన రీలు ముక్కలు ఉంటాయి కదా, షార్ట్ ఎండ్స్ అంటారు, వాటిని ఈ పెద్ద కెమెరాలో ఎట్ల వాడుకోవచ్చో చెప్తా.

షీట్ మొత్తం నింపాలని మాత్రం చూడొద్దండి. ఫోర్ బై ఫైవ్ షీటు ఇంచుమించు 100 బై 125 మిల్లీమీటర్లు ఉంటాది, సినిమా ఫిల్మేమో వెడల్పు 35. మూడు పట్టీలు పక్కపక్కన అతికిస్తే నిండుతాది గానీ ప్రతి అతుకు దగ్గరా పెర్ఫరేషన్ చిల్లులు రెండేసి వరసలు, ఫోటోలో ఆకాశం మధ్యలో వచ్చి కూర్చుంటాయి. దాని బదులు ఒక్క పట్టీ, పొడుగు 120 మిల్లీమీటర్లకి కోసి అడ్డంగా పెట్టండి. ఎత్తుకి మూడు రెట్లకు పైన వెడల్పు వస్తాది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడినోళ్ళకి ఇది వెంటనే అర్థమైతాది, పైన ఖాళీ ఆకాశం, కింద మన కాళ్ళ దగ్గర బండలు, చూడాల్సిందంతా మధ్యలో అడ్డంగా పరుచుకొని ఉంటాది. మనకి కావాల్సింది ఆ మధ్య భాగమే.

65 ఎంఎం దొరికితే ఇంకా మంచిదే, కానీ మనకి దొరకడం కష్టం. బ్లాక్ అండ్ వైట్‌లో అయితే 65 అసలు ఉండేదే కాదు, 2023లో వచ్చిన ఓపెన్‌హైమర్ కోసమే కొడాక్ మొదటిసారి తయారుచేసింది. అందుకే 35తోనే మొదలుపెడదాం.

[స్క్రీన్ మీద: పాత షీటు, దాని మీద పట్టీ, రెండు చివర్లా టేపు]

ఇది చూడండి. పాడైపోయిన షీట్ ఫిల్మ్ ఒకటి తీసుకోండి, దాని మధ్యలో పట్టీ పెట్టి రెండు చివర్లా సన్నగా టేపు వెయ్యండి, ఆ షీటుని మామూలుగా హోల్డర్‌లోకి, అంటే ఫిల్మ్ పెట్టి కెమెరా వెనక దూర్చే చట్రంలోకి, తొయ్యండి, అంతే. పట్టీని ఒక్కదాన్నే హోల్డర్‌లో వేస్తే నిలవదు, సినిమా నెగెటివ్ పల్చన, చుట్టుకుపోతాది. కింద షీటు ఉంది కాబట్టి ఫిల్మ్ లెన్స్ వైపు వెంట్రుకవాసి ముందుకొస్తాది, లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 22 పెడితే ఫోకస్‌కి ఏమీ కాదు. ఈ పనంతా కటిక చీకట్లో చెయ్యాల. ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత, ఏ వైపుందో ఎట్ల తెలుస్తాదంటే, ఫిల్మ్ ఏ వైపుకి వంగుతాదో ఆ లోపలి వైపే ఎమల్షన్, అది లెన్స్‌ని చూడాల. రీలుని గబగబా లాగొద్దు, మన రాయలసీమ పొడి గాలికి స్టాటిక్ పుట్టి ఫిల్మ్ మీద మెరుపు గీతలు పడతాయి. ఎండాకాలం ఛేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి ఫిల్మ్ మార్చే నల్ల సంచి) జోలికి పోకండి, ఐదు నిమిషాలకే చేతులు చెమట పట్టి ఎమల్షన్ అంటుకుంటాది, రాత్రి పూట బాత్రూమే మేలు.

కెమెరా వెనక గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ కనపడే మసక అద్దం) మీద పట్టీ పడే చోట పెన్సిల్‌తో రెండు గీతలు గీసుకోండి. ఇప్పుడు అసలు మజా. లోయ ఆ గీతల మధ్యకి రావాలని కెమెరాని కిందికి వంచారనుకోండి, హారిజన్ తిన్నగా ఉన్నా నిటారు గోడలు వాలిపోతాయి. కెమెరాని లెవెల్‌గానే ఉంచి లెన్స్ బోర్డుని కిందికి దించండి, లోయ దానంతట అదే పట్టీలోకి వస్తాది. లార్జ్ ఫార్మాట్ కెమెరా మోసుకుపోయేదే దీనికి! 90 ఎంఎం లెన్స్ అయితే దాదాపు 67 డిగ్రీలు కవరైతాది, లోయకి అది చాలు. తాడిపత్రి గుడి గోడల మీద శిల్పాల వరస లాంటివాటికి నేనైతే 150 వాడతా.

ఏ ఫిల్మ్? కలర్ అయితే కొడాక్ వాళ్ళ విజన్3 సినిమా ఫిల్మ్‌లో 250డి తీసుకోండి, పగటి వెలుతురుకి ఫిల్టర్ అక్కర్లేదు. 500టి బల్బు వెలుతురుకి చేసింది, అది దొరికితే 85 అనే నారింజ ఫిల్టర్ పెట్టి, స్పీడు 320 అనుకొని లైట్ మీటర్ చూడండి. కొత్తగా చేసేవాళ్ళకి మాత్రం డబుల్ ఎక్స్ అనే బ్లాక్ అండ్ వైటే నా సలహా, 1959 నుంచి ఉన్న ఫిల్మ్ అది, పగటిపూట 250 స్పీడు, డి-76 అనే డెవలపర్‌లో హాయిగా కడగొచ్చు.

కలర్‌తో ఉన్న తలనొప్పి రెమ్‌జెట్. ఫిల్మ్ వెనక వైపు కార్బన్ నలుపు పూత, వెలుతురు వెనక్కి కొట్టకుండా, స్టాటిక్ పుట్టకుండా, కెమెరాలో గీతలు పడకుండా వేస్తారు. రెమ్‌జెట్ లేని విజన్3 తెస్తున్నట్టు 2025లో కొడాక్ చెప్పింది గానీ మన చేతికొచ్చే ముక్కలు ఎక్కువ పాతవే. వాటిని మామూలు కలర్ ల్యాబ్‌కి ఇవ్వకండి, దయచేసి, ఆ మసి ఊడి కెమికల్ అంతా కలిసి వేరేవాళ్ళ పెళ్ళి ఫోటోలు కూడా పాడైతాయి. ఇంట్లోనే, డెవలపర్ పొయ్యకముందే, గోరువెచ్చని నీళ్ళలో వంట సోడా కలిపి ట్యాంకులో పోసి ఒక నిమిషం గట్టిగా ఊపండి, పారబోస్తే ఇంకు మాదిరి నల్లగా వస్తాది, తేటగా అయ్యేదాకా నీళ్ళు మార్చండి. అప్పటికీ కొంచెం మిగులుతాది, కడగడమంతా అయిపోయాక తడి స్పాంజితో వెనక వైపు మాత్రమే తుడవండి.

దీనికి షీట్ ట్యాంకు కూడా అక్కర్లేదు, టేపు తీసేసి పట్టీలని ఒకదాని వెనక ఒకటి మామూలు 35 ఎంఎం రీల్‌లోకే ఎక్కించొచ్చు. సినిమా నెగెటివ్‌కి అసలు ప్రాసెస్ ఈసీఎన్-2, డెవలపర్ 41 డిగ్రీలు, 3 నిమిషాలు. మామూలు కలర్ ఫిల్మ్ కడిగే సీ-41లో కూడా బొమ్మ వస్తాది, కాంట్రాస్ట్ పెరిగి రంగులు కొంచెం పక్కకి పోతాయి, స్కాన్‌లో చాలావరకు సర్దుకోవచ్చు. మే నెలలో కడపలో మిద్దె మీద ట్యాంకు నీళ్ళకి 41 పెద్ద దూరం కాదు, కానీ థర్మామీటర్ చూడకుండా పొయ్యొద్దు. బ్లాక్ అండ్ వైట్‌కి దీనికి ఉల్టా, 20 డిగ్రీలు కావాల, కాబట్టి డెవలపర్ సీసాని ముందే ఐసు నీళ్ళలో పెట్టుకోండి, ఐసుని డెవలపర్‌లో వెయ్యకండి, పల్చబడిపోతాది.

స్కాన్ చేసేటప్పుడు చిల్లులతో సహా ఉంచాలా, కట్ చెయ్యాలా అనేది మీ ఇష్టం. కట్ చేస్తే ఎత్తు 25 మిల్లీమీటర్లే మిగులుతాది, కాబట్టి ఫోటో తీసేటప్పుడే గ్రౌండ్ గ్లాస్ మీద ఆ 25కి కూడా ఇంకో రెండు గీతలు వేసి పెట్టుకోండి.