స్టిక్ మార్చే ముందు ఒకసారి అడుగు విప్పి చూడండి

యాంకర్: అందరికీ నమస్తే. ఈ వారం ఫోన్-ఇన్‌లో వీడియో గేమ్ మిషన్లు, ఇంట్లో పెట్టుకుని ఆడే ఆర్కేడ్ స్టిక్‌లు, అంటే స్టిక్, బటన్లు బిగించిన పెట్టెలు, వాటి రిపేర్ల గురించి. వీటిని విప్పి బిగించడమే పనిగా పెట్టుకున్న మెకానిక్ అన్న మనతో ఉన్నారు. లైన్లో కరీంనగర్ నుంచి ఎవరో ఉన్నారు, చెప్పండి.

కరీంనగర్ కాలర్: నమస్తే అన్నా. మా దగ్గర ఒక గేమ్ షాపు ఎత్తేస్తుంటే పాత మిషన్ కొనుక్కొచ్చా. చిన్నప్పుడు కాయిన్ వేసి ముస్తఫా ఆడేవాళ్లం చూడండి, అలాంటిది. అంతా బాగుంది గానీ స్టిక్ పైకి నెడితే మనిషి కదలట్లేదు. కిందికి, పక్కలకి ఓకే. కొత్త స్టిక్ ఆర్డర్ పెట్టేయనా?

మెకానిక్: ఆగు తమ్ముడూ, అప్పుడే డబ్బులు తగలెయ్యకు. మూడు వైపులా పని చేస్తుందంటే స్టిక్ దాదాపు బాగున్నట్టే. ముందు మిషన్ ప్లగ్ పీకెయ్. ఇంకోటి, పాత మిషన్ కదా, వెనకాల పిక్చర్ ట్యూబ్ ఉంటుంది, అందులో వేల వోల్టులు ఉంటాయి, ఆపేశాక కూడా చాలాసేపు నిలిచి ఉండొచ్చు, కాబట్టి అటు చేయి పెట్టకు. మన పని ముందు ప్యానెల్ కిందే. అక్కడ స్టిక్ చుట్టూ నాలుగు మైక్రోస్విచ్‌లు ఉన్నాయా?

కరీంనగర్ కాలర్: ఆ, ఉన్నాయి అన్నా. పై వైపు ఉన్న స్విచ్‌ని నిన్ననే మార్చి చూశా, అయినా అంతే.

మెకానిక్: అక్కడే అందరూ బోల్తా పడతారు. స్టిక్ మధ్యలో ఇరుసు మీద ఊగుతుంది కదా, నువ్వు పైన బంతిని ముందుకు నెడితే కింద కొస వెనక్కి వస్తుంది. అంటే పైకి నెట్టినప్పుడు నొక్కుకునేది నీ వైపు ఉన్న స్విచ్. అది చూడు. మెల్లగా నెట్టి విను, టిక్కుమని చప్పుడు రాకపోతే కొస దానికి అందట్లేదు, లేదా స్విచ్ పక్కకి జరిగింది. చప్పుడు వచ్చినా కదలకపోతే వైరో, లోపలి కాంటాక్టో పోయినట్టు. ఆ రెండు వైర్లు తీసి ఎడమకి కదిలించే స్విచ్‌కి పెట్టు, దాని వైర్లు కాసేపు పక్కన వదిలెయ్. తర్వాత ఆన్ చేసి స్టిక్ ఎడమకి నెడితే మనిషి పైకి పోతున్నాడా, వైర్లు బాగున్నాయి, స్విచ్ చచ్చింది. పోవట్లేదా, తప్పు వైర్లోనో బోర్డులోనో ఉంది.

కరీంనగర్ కాలర్: స్విచ్ అయితే ఎక్కడ దొరుకుతుంది?

మెకానిక్: హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో పాత స్విచ్ చేతిలో పెట్టి అలాంటిదే కావాలని అడుగు. కాళ్లు మూడుంటాయి, వైర్లు కామ్ మీద, అంటే ఉమ్మడి కాలు మీద, ఎన్ఓ మీద, అంటే నొక్కితేనే కలిసే కాలు మీద పెట్టాలి. నొక్కకపోయినా కలిసే ఉండే ఎన్‌సీ మీద పెట్టావంటే నువ్వు ముట్టుకోకుండానే మనిషి పైకి పోతూ ఉంటాడు.

యాంకర్: గుంటూరు నుంచి ఒక మేడం ఉన్నారు.

గుంటూరు కాలర్: బాబూ, మా వాడి స్టిక్ కిర్రుకిర్రుమంటోందని నేనే కొబ్బరి నూనె వేశాను. రెండు రోజులు బాగానే ఉంది, ఇప్పుడు జిగటగా అయిపోయి మధ్యలోకి రావట్లేదు. వాడేమో అలిగాడు.

మెకానిక్: అమ్మా, కొబ్బరి నూనె తలకే బాగుంటుంది, దీనికి వద్దు. దుమ్మంతా పట్టేస్తుంది, చలికాలం వస్తే గడ్డ కడుతుంది. స్విచ్‌ల లోపలికి పోకపోతే అదృష్టమే. విప్పించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించండి. థిన్నర్, పెట్రోల్ మాత్రం వద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. ఆరాక ఇరుసు ఊగే చోట సిలికాన్ గ్రీజు కొంచెం, అంటే నిజంగానే కొంచెం, రాయమనండి. స్విచ్‌లకి ఏమీ రాయకూడదు.

యాంకర్: వైజాగ్ నుంచి తమ్ముడు, చెప్పు.

వైజాగ్ కాలర్: అన్నా, నా పెట్టెలో సాన్వా కంపెనీ జేఎల్ఎఫ్ మోడల్ స్టిక్ ఉంది. ఫైటింగ్ గేమ్‌లో ముందుకి, కిందికి, తర్వాత ఆ రెండిటి మధ్య మూలకి కొట్టే మూవ్ ఉంటుంది కదా, అది సగం సార్లు పడట్లేదు. ఫ్రెండ్స్ అంతా గేట్, అదే స్టిక్ ఎంతవరకు కదలాలో ఆపే కింది పలక, మార్చి ఎనిమిది మూలల ఆక్టగన్ గేట్ వేయించుకోమంటున్నారు.

మెకానిక్: ఫ్రెండ్స్‌కేం, వాళ్ల డబ్బులు కాదుగా! కొత్తప్పుడు ఇదే గేట్‌తో పడేదా?

వైజాగ్ కాలర్: పడేది అన్నా. ఈమధ్యే.

మెకానిక్: మరి గేట్ అరిగిపోలేదు, ఇంకేదో అరిగింది. చతురస్రం గేట్‌లో మూలలే మనకి కావలసిన వాలు దిక్కులు, అక్కడ స్టిక్ వెళ్లి కూర్చుంటుంది. ఎనిమిది మూలల గేట్‌లో ప్రతి దిక్కూ చేతికి తెలుస్తుంది, నిజమే, కొందరికి నచ్చుతుంది, నాకైతే నచ్చలేదు, మూలలో నిలవడానికి చోటు తక్కువైనట్టు ఉంటుంది. స్టిక్ వదిలితే మధ్యకి వచ్చి టక్కున ఆగుతుందా, అటూ ఇటూ ఊగుతుందా?

వైజాగ్ కాలర్: ఊగుతోంది అన్నా. ఒక్కోసారి వదిలాక అవతలి దిక్కు కూడా పడుతోంది.

మెకానిక్: స్ప్రింగ్ మీద అనుమానం. జేఎల్ఎఫ్ స్ప్రింగ్ అసలే మెత్తన. సైమిట్సు అనే ఇంకో కంపెనీ ఎల్ఎస్-56 స్టిక్ స్ప్రింగ్ ఇందులో పడుతుంది, కాస్త గట్టిగా ఉంటుంది, చాలామంది అదే వేస్తారు. కింద షాఫ్ట్ కొసన గాడి ఉంటుంది, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకుని పైన బంతిని విప్పు. గేట్ నొక్కులు వదిలించి తియ్, దాని వెనకే బోర్డు వస్తుంది. తర్వాత కొసన ఇంగ్లిష్ E ఆకారంలో ఒక చిన్న క్లిప్ ఉంటుంది, దాన్ని లాగేటప్పుడు మొత్తం స్టిక్‌ని పెద్ద పాలిథీన్ కవర్లో పెట్టి లాగు, లేకపోతే అది ఎగిరి మంచం కిందికి పోతుంది, ఇక సాయంత్రమంతా వెతుక్కోవడమే. ఒక్కో భాగం తీస్తూ ఫోటో తీసుకో, తిరిగి పెట్టేటప్పుడు వరుస మర్చిపోతాం.

వైజాగ్ కాలర్: స్విచ్‌లు కూడా మార్చేయనా?

మెకానిక్: ఒక దిక్కు మొండికేస్తేనే. ఇందులో నాలుగు స్విచ్‌లూ ఒకే బోర్డుకి సోల్డర్ చేసి ఉంటాయి, ఆ బోర్డు మొత్తంగా దొరుకుతుంది, ఐదు పిన్నుల కనెక్టర్ తీసి కొత్తది పెట్టుకోవడమే.

యాంకర్: ఆఖరి కాల్, డల్లాస్ నుంచి.

డల్లాస్ కాలర్: నమస్తే అండీ. స్టిక్‌లో పాత బటన్లు తీసి 30 మిల్లీమీటర్ల సాన్వా బటన్లు వేశాను. మొదటి మూడు పని చేస్తున్నాయి, తర్వాతి ఐదిటిలో ఒక్కటీ పని చేయట్లేదు. బటన్లే డూప్లికేట్ వచ్చాయంటారా?

మెకానిక్: ఐదు బటన్లు ఒకేసారి చావవండీ. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ వైర్ ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి గొలుసులా పోతోందా?

డల్లాస్ కాలర్: అవును, నల్ల వైర్.

మెకానిక్: మూడో బటన్‌కీ నాలుగో బటన్‌కీ మధ్య ఆ గొలుసు తెగింది, లేదా క్లిప్ ఊడింది. సాన్వా బటన్ కాళ్లకి 2.8 మిల్లీమీటర్ల క్లిప్ కావాలి. 4.8ది పెట్టారంటే చూడ్డానికి ఎక్కినట్టే ఉంటుంది గానీ పట్టు ఉండదు, కదిపితే జారుతుంది.

డల్లాస్ కాలర్: చూస్తానండీ. ఇంకొక్క మాట, మా పాపకి ప్యాక్-మ్యాన్ ఇష్టం, కానీ మలుపుల దగ్గర ఆగిపోతోందని గొడవ.

మెకానిక్: పాప తప్పు కాదది. 1980 నాటి ఆ గేమ్ నాలుగు దిక్కుల స్టిక్ కోసం చేశారు, మనది ఎనిమిది దిక్కులది. మీదీ జేఎల్ఎఫే అయితే ఏమీ కొనక్కర్లేదు, చతురస్రం గేట్‌ని విప్పి 45 డిగ్రీలు తిప్పి పెట్టండి, డైమండ్ ఆకారం వస్తుంది, వాలు దిక్కులు మూసుకుపోతాయి. మీరు ఫైటింగ్ గేమ్ పెట్టే ముందు మళ్లీ మామూలుగా తిప్పుకోండి, లేకపోతే వచ్చే వారం మీరే ఫోన్ చేసి మూలలు పడట్లేదంటారు.