చెన్నైలో వారం రోజులకు స్టూడియో గది: డబ్బు కట్టే ముందు కుళాయి, ఫ్యూజు బోర్డు చూడండి

[తెర మీద: సెంట్రల్ స్టేషను బయట మెట్రో మెట్లు]

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వైద్యానికి చెన్నై వచ్చేవాళ్ళు చాలామంది గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కలే గది వెతుక్కుంటారు. పరీక్షలు, రిపోర్టులు, మళ్ళీ డాక్టరు... నాలుగు రోజులనుకున్నది వారమవుతుంది. పథ్యం తినే మనిషికి మూడు పూటలా హోటలు తిండి పడదు. ఒక మంచం, మూలన వంటగట్టు, లోపలే బాత్రూము ఉన్న స్టూడియో గది అందుకే మేలు. సెంట్రల్‌లో నీలం లైను మెట్రో ఎక్కితే మూడో స్టేషను థౌజండ్ లైట్స్. అక్కడి నుంచి ఆటో.

గదిలోకి వెళ్ళగానే అందరి చూపూ పరుపు మీదికి, ఏసీ మీదికి పోతుంది. మీరు ముందు బాత్రూములోకి వెళ్ళండి.

[దగ్గరి షాట్: షవర్ రంధ్రాల చుట్టూ తెల్లటి గార]

ఈ గార కనిపిస్తే అవి బోరు నీళ్ళే కావచ్చు. "మెట్రో వాటరా (అంటే నగర నీటి బోర్డు సరఫరా), బోరా?" అని వాచ్‌మన్‌ని అడగండి. ఉప్పు నీళ్ళలో సబ్బు నురగ రాదు. గీజరు రాడ్డుకు ఇదే గార పట్టి నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి. స్నానానికి ఎలాగో సర్దుకోవచ్చు గానీ, వంటకు వాడొద్దు.

[దగ్గరి షాట్: రెండు గిన్నెల్లో కందిపప్పు, ఒకటి మెత్తగా, ఒకటి పలుకుగా]

రెండింటిలోనూ పప్పు ఒకటే, నీళ్ళే వేరు. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులోని పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పోదు. పప్పు పాతదనుకుని మనం దుకాణం వాణ్ణి తిట్టుకుంటాం. గ్లాసు పప్పును అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల క్యాన్ నీళ్ళు పోసి ఉడికించండి. తాగడానికీ వంటకూ కలిపి 20 లీటర్ల క్యాన్ ఇద్దరికి రెండు మూడు రోజులొస్తుంది. మూత సీలు ఊడి ఉంటే తీసుకోవద్దు.

[తెర మీద: ఇండక్షన్ స్టవ్, పక్కన అల్యూమినియం కుక్కరు]

చాలా గదుల్లో గ్యాసు ఉండదు, ఇండక్షనే. గదిలో ఇచ్చిన గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే ఆ గిన్నె స్టవ్ మీద వేడెక్కదు. ఇంటి నుంచి అడుగు చదునుగా ఉన్న ఇండక్షన్ కుక్కరు ఒకటి తెచ్చుకుంటే నిశ్చింత.

ఇప్పుడు తలుపు పక్కనున్న ఫ్యూజు బోర్డు తెరవండి. గది మొత్తానికి ఒకటే ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చు) ఉండి, దాని మీద సీ16 అని ఉంటే అది మోసేది 16 ఆంపియర్లు, అంటే సుమారు 3,700 వాట్లు. గీజరు 2,000, ఇండక్షన్ 2,000, టన్ను ఏసీ వెయ్యికి పైన. మూడూ ఒకేసారి వేస్తే వెంటనే ఏమీ కాదు. కొన్ని నిమిషాలాగి, అన్నం సగం ఉడికాక కరెంటు పోతుంది. గీజరు కట్టేశాకే స్టవ్ వేయండి. స్టవ్ ప్లగ్గును మాత్రం పెద్ద 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి. కన్వర్టర్ తగిలించి చిన్న సాకెట్‌లో పెడితే సాకెట్ కరిగిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు.

[తెర మీద: కరెంటు మీటరు]

అద్దె మాట్లాడేటప్పుడు రోజు రేటు కాకుండా వారం రేటు అడగండి. కరెంటు విడిగా అంటే, సామాను దించకముందే మీటరు రీడింగు ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. టన్ను ఏసీ కంప్రెసరు ఆగకుండా నడిస్తే గంటకు సుమారు ఒక యూనిట్ కాలుతుంది. జీఎస్టీ వేస్తే, రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. బిల్లులో పాత 12 శాతం ఉంటే మార్పించండి. గుర్తింపు కార్డు అడిగితే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఖాళీ చేసే రోజు మీటరు ఫోటో మళ్ళీ తీయండి. ఖాళీ క్యాన్ దుకాణంలో ఇచ్చేసి, దాని మీద కట్టిన డిపాజిట్ వెనక్కి తీసుకోండి.