గుత్తి కొండ: నీటి జాడ వెంట ఒక పగటి నడక

[దృశ్యం: రెండు బండల నడుమ ఆకుపచ్చని నీరు. నీటి మీద తేలుతున్న ఎండుటాకు. కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతుంటే చుట్టూ ఉన్న రాయి కనిపిస్తుంది.]

మీరు చూస్తున్నది చెరువు కాదు, బావీ కాదు. కొండ మీద రాతిలో నీరు నిలిచే ఇటువంటి చోటును మనవాళ్లు దొన అంటారు. అనంతపురం జిల్లా గుత్తి కోటలో ఉన్నది ఇది. ఏరు పారని, ఊట కనిపించని ఈ బండ మీద ఒక సైన్యం నెలల తరబడి ఎలా బతికిందో, చివరికి ఎందుకు బతకలేకపోయిందో ఈ కొండను ఒక్క పగటిలో ఎక్కి దిగుతూ తెలుసుకుందాం.

[దృశ్యం: తెల్లవారుజాము. ఊరి మీదుగా కొండ.]

గుత్తి హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి పక్కనే ఉంది, అనంతపురం నుంచి ఉత్తరంగా 50 కిలోమీటర్ల పైచిలుకు. రైల్వే స్టేషను కూడా ఉంది కాబట్టి చేరుకోవడం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. కొండ చుట్టుపక్కల నేల కంటే సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. నిదానంగా ఎక్కితే గంటన్నర పడుతుంది. అక్టోబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. ఏ నెలలో వెళ్లినా ఎండ ముదరక ముందే పైకి చేరాలి, ఎందుకంటే పది దాటితే బండ కాలడం మొదలవుతుంది. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు మోసుకు వెళ్లండి. మొదటిసారి నేను ఒక్క లీటరు సీసాతో బయలుదేరి, సగం దూరంలోనే దాన్ని ఖాళీ చేసి, పైనున్న దొన వైపు ఆశగా చూసినవాణ్ణే. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఉగ్గాని, బజ్జీ కింద ఊళ్లోనే తిని బయలుదేరడం మేలు. చేతిలో తినుబండారం కనిపిస్తే కోతులు ఊరుకోవు.

[దృశ్యం: కోట ద్వారం, అరిగిన మెట్లు, బాట పక్కన సీతాఫలం పొదలు.]

పైకోటకు దారి ఒక్కటే. అది ద్వారం తర్వాత ద్వారంగా, మలుపు తర్వాత మలుపుగా సాగుతుంది. విజయనగర రాజు బుక్కరాయల శాసనం ఈ కోటను దుర్గాలకు రాజుగా పొగిడింది. ఆ మాట ఎందుకన్నారో మూడో మలుపు దగ్గర మన మోకాళ్లే చెబుతాయి.

ఇక్కడ ఒకసారి ఆగి రాతిని చూడండి. ఈ ప్రాంతపు గ్రానైటు భూగర్భంలో గడ్డకట్టి 250 కోట్ల సంవత్సరాలు దాటింది. పైనున్న బరువంతా కోట్ల ఏళ్ల మీద అరిగిపోయాక, ఒత్తిడి తగ్గిన బండ ఉల్లిపొరల్లా పలకలు పలకలుగా విడిపోతూ వచ్చింది. పలకల మధ్య పగుళ్లు పడ్డాయి. బండ నీరు తాగదు, పడ్డ చినుకు పడ్డట్టే జారిపోతుంది. అలా జారిన నీరంతా ఏదో ఒక పగులు వైపే చేరుతుంది. కోట కట్టినవారు చేసినదల్లా ఆ పగుళ్లను గుర్తించి, వాటిని ఇంకా లోతుగా తొలిచి, నీటిని అక్కడ ఆపడమే.

[దృశ్యం: దొన అంచు దగ్గరి నుంచి. రాతి మీద ఒకదాని కింద ఒకటిగా నీటి చారలు.]

దొన అంచున ఈ చారలు చూడండి. ఏ కాలంలో నీరు ఎంత మట్టానికి దిగిందో రాయి మీద రాసిపెట్టినట్టు ఉంటుంది. దొన వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ కావడం ఊరికే జరిగింది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాలో, వెడల్పైన నీటిని ఎండ తొందరగా తాగేస్తుంది. ఇరుకు చీలికలో మాత్రం రోజులో ఎక్కువసేపు బండల నీడే నీటి మీద ఉంటుంది.

ఇక ముట్టడి సంగతి. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఏలుబడిలో ఉన్న ఈ కోటను మైసూరు పాలకుడు హైదరాలీ 1775 చివర చుట్టుముట్టాడు. కింది ఊరు పోయినా పైకోట లొంగలేదు. అయితే జనమూ పశువులూ పైకి చేరేసరికి దొనలు అడుగంటాయి. మురారిరావు సంధికి దిగాడు, హైదరాలీ కూడా ఒప్పుకున్నాడు. ఇంతలో హామీగా శత్రువు శిబిరానికి పంపిన ఒక యువకుడు, నీళ్లు అయిపోవడం వల్లనే సంధి చేసుకుంటున్నామని మాట జారాడని చరిత్రకారులు రాశారు. హైదరాలీ సంధి మాట పక్కనపెట్టి ఊరికే కాచుకు కూర్చున్నాడు. 1776లో కోట లొంగిపోయింది. ఇన్ని ద్వారాలూ, ఇన్ని బురుజులూ ఆపగలిగిన సైన్యానికి కోట తలుపులు తెరిచింది దాహం. మురారిరావు మైసూరు రాజ్యంలోని కబ్బాలదుర్గం కోటలో బందీగా మరణించాడు.

[దృశ్యం: శిఖరం అంచున మురారిరావు గద్దె అని పిలిచే చిన్న మంటపం. దూరంగా మైదానం.]

ఆయన కూర్చునేవాడని చెప్పే మంటపం ఇదే. అంచుకు మరీ దగ్గరగా వెళ్లకండి, గాలి బలంగా వీస్తుంది. వానలు బాగా పడ్డ ఏడాదైతే ఇక్కడి నుంచి మైదానంలో చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తాయి. సరస్సుల సీమ అనే పేరు మనకు ఎవరూ పెట్టలేదు కానీ, రాయలసీమ చెరువులు కట్టుకున్న సీమ. చెరువుకు కొండతో పనేమిటో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. 1369 నాటి ఆ శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు లెక్కగట్టింది. కట్ట రెండు కొండలను ఆనుకొని ఉండాలని, లోపలి నేల విశాలంగా, లోతుగా ఉండాలని అంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చాలీచాలని నీటికి మించిన ఆయకట్టు దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటమూ దోషమేనట. నేటి జలవివాదాలు చూస్తుంటే, రాసినవారు ఇంజనీరింగుతో పాటు మనుషులనూ ఎరిగినవారనిపిస్తుంది.

[దృశ్యం: దిగే దారి. వెలుగు వాలుతోంది.]

దిగేటప్పుడు అరిగిన మెట్ల మీద పాదం అడ్డంగా వేయండి, పరుగు వద్దు. రాలిన ఆకుల కింద ఇసుక జారుతుంది. కొండ కింద ఒక పాత ఆంగ్లేయుల శ్మశానవాటిక ఉంది. దత్తమండలాలకు, అంటే నిజాం బ్రిటిషువారికి ఇచ్చేసిన ఈ రాయలసీమ ప్రాంతానికి, కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జులైలో పత్తికొండలో కలరాతో మరణించాక, ఆయనను మొదట పూడ్చింది గుత్తిలోనే. తర్వాత మద్రాసుకు తరలించారు. వెలుగుంటే ఆ శ్మశానవాటిక చూడండి, లేదంటే సరాసరి ఊళ్లోకి నడవండి. సీసాలో మిగిలిన నీళ్లు మాత్రం చివరి ద్వారం దాటేదాకా పారబోయకండి.