ది క్రూ రివ్యూ: డబ్బు పెట్టి కొన్న గేమ్ ఎందుకు ఓపెన్ అవ్వదు?

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ చేస్తున్న గేమ్ మీరు కొందామన్నా దొరకదు. యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 2014 డిసెంబరులో తెచ్చిన కార్ రేసింగ్ గేమ్ 'ది క్రూ'. అమెరికా మొత్తాన్ని కుదించి ఒకే మ్యాప్‌లో పెట్టారు. న్యూయార్క్‌లో బయల్దేరితే మధ్యలో ఎక్కడా లోడింగ్ స్క్రీన్ లేకుండా లాస్ ఏంజెలెస్ దాకా కారులో వెళ్లిపోవచ్చు. ఆ మ్యాప్‌కి పదికి తొమ్మిది ఇస్తాను. అమ్మిన పద్ధతికి మాత్రం సున్నా.

2023 డిసెంబరు 14న స్టోర్ల నుంచి తీసేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఏప్రిల్ నుంచి, అంతకుముందే గేమ్ కొన్నవాళ్ల అకౌంట్లలో లైసెన్సులు కూడా రద్దు చేయడం మొదలుపెట్టారు. డిస్క్ ఉన్నవాళ్లకీ గేమ్ నడవకుండా పోయింది.

స్టోరీ ఒక్కళ్లమే ఆడుకుంటాం కదా, సర్వర్‌తో పనేంటి అని మీకు అనిపించొచ్చు. రోడ్లు, కార్లు, గ్రాఫిక్స్ ఫైల్స్ అన్నీ మీ మెషిన్‌లోనే ఉంటాయి. మీ సేవ్, అంటే ఆటలో ఎంతవరకు వచ్చారో ఆ రికార్డు మాత్రం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. గేమ్ ఓపెన్ చేయగానే ముందు అక్కడ లాగిన్ అవ్వాలి. అటునుంచి జవాబు రాకపోతే ఆట మొదలే కాదు. పైగా ఇందులో క్రూ క్రెడిట్స్ అని అసలు డబ్బుతో కొనే కరెన్సీ ఉండేది. గేమ్‌కి ఒకసారి, కార్లకి మళ్లీ ఒకసారి కట్టినవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

ఇది తప్పనిసరిగా జరగాల్సిన పనా? కాదు. 'ది క్రూ 2'కి అదే కంపెనీ 2025 అక్టోబరులో ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చింది. మొదటి గేమ్‌కైతే అభిమానులే సర్వర్ పనిచేసే తీరును ఛేదించి, 2025 సెప్టెంబరులో పీసీలో మళ్లీ నడిపించారు. వాళ్లకి సోర్స్ కోడ్ లేదు, జీతాలూ లేవు. అయినా చేశారు. ఈ మూసివేత చూసే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. యూరప్‌లో ఆ ఉద్యమం పిటిషన్‌కి 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటాయి.

మన దగ్గర పబ్జీ మొబైల్ ఆడినవాళ్లకి ఇది కొత్తేం కాదు. 2020 అక్టోబరు 30న ఇండియాలో సర్వర్లు ఆగిపోయినప్పుడు యూసీ (డబ్బుతో కొనే ఆ గేమ్ కరెన్సీ) పెట్టి కొన్న స్కిన్లు (డ్రెస్సులు, తుపాకుల డిజైన్లు) ఏమవుతాయో ఎవరికీ తెలీదు. తర్వాతి ఏడాది దాని ఇండియా వెర్షన్ బీజీఎంఐ వచ్చి డేటా ట్రాన్స్‌ఫర్ ఇచ్చింది కాబట్టి చాలామంది బయటపడ్డారు.

ఇక గేమ్‌లు మన దగ్గర డబ్బు గుంజే తీరు. గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్ లెక్క చూడండి. ఇందులో కొత్త క్యారెక్టర్ కోసం లాటరీలా తీసే ఒక్కో ఛాన్స్‌ని పుల్ అంటారు. ఒక పుల్‌కి 160 ప్రిమోజెమ్స్ (ఆ గేమ్ కరెన్సీ). అన్నిటికంటే అరుదైన ఫైవ్ స్టార్ క్యారెక్టర్ వచ్చే అవకాశం 0.6 శాతం. 90 పుల్స్‌లో ఒకటి గ్యారంటీ, కానీ అది మీకు కావాల్సిన క్యారెక్టరే అవ్వాలని లేదు. అక్కడ తప్పితే ఇంకో 90. అంటే దురదృష్టం పూర్తిగా వెంటాడితే 180 పుల్స్, 28,800 ప్రిమోజెమ్స్. దాదాపు 100 డాలర్ల ప్యాక్‌లో బోనస్‌తో కలిపి వచ్చేవి 8,080. కాబట్టి నాలుగు ప్యాకులు, ఒక్క క్యారెక్టర్‌కి 400 డాలర్లు. మొదటిసారి కొంటే డబుల్ వస్తుంది కాబట్టి కొంచెం తగ్గుతుంది. డాలర్లు క్రిస్టల్స్‌గా, క్రిస్టల్స్ ప్రిమోజెమ్స్‌గా, అవి మళ్లీ పుల్‌కి వాడే టికెట్లయిన ఫేట్స్‌గా మారతాయి. ఇన్ని మెట్లు పెట్టేది ఒక్క పుల్ ఎంత పడుతుందో మీ మనసులో లెక్క కుదరకుండా ఉండటానికే అని నా అభిప్రాయం. 2025 జనవరిలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఈ గేమ్ కంపెనీతో 2 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్ల లోపు పిల్లలకి లూట్ బాక్సులు (ఇలా ఏమొస్తుందో తెలియకుండా డబ్బు కట్టి తీసేవి) అమ్మకూడదని షరతు పెట్టింది.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొనేటప్పుడు స్టోర్ పేజీ కుడివైపు చూడండి. వేరే కంపెనీ అకౌంట్ కావాలనో, ఇన్-యాప్ పర్చేజెస్ ఉన్నాయనో అక్కడే రాసి ఉంటుంది. కొన్నాక ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి ఓపెన్ చేసి, స్టోరీలో కాసేపు ఆడి మూసేయండి. స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆపి, మళ్లీ ఓపెన్ చేయండి. మీ సేవ్ తెరుచుకుంటే మంచిదే. మెనూ దగ్గరే ఆగిపోతే అది సర్వర్ ఉన్నన్నాళ్లే. ఈ పరీక్ష కొన్న 14 రోజుల్లో, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందే చేయండి. అప్పుడు స్టీమ్ సపోర్ట్‌లో మీ పర్చేజెస్‌కి వెళ్లి, ఆ గేమ్ ఎంచుకుని, రిఫండ్ అడగొచ్చు.