బాల్కనీ నుంచి ఐస్ హాకీ

అందరికీ నమస్కారం. మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం. నేను చెప్పబోయేది ఐస్ మీద ఆడే హాకీ, అదీ కాలేజీ పిల్లలు ఆడేది. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. అక్కడి ఐస్ హాకీ స్టేడియం మాథ్యూస్ అరీనా పక్కనుంచే తిరుగుతూ, ఒక్కసారీ లోపలికి తొంగిచూడనివాళ్లే మీలో ఎక్కువని నా అనుమానం.

సెయింట్ బొటోల్ఫ్ వీధిలోని ఆ భవనం 1910లో బోస్టన్ అరీనా పేరుతో మొదలైంది. 1918లో అగ్నిప్రమాదం జరిగితే మళ్లీ కట్టారు. బోస్టన్ బ్రూయిన్స్ జట్టు 1924 డిసెంబరు 1న తమ మొట్టమొదటి ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) మ్యాచ్ అక్కడే ఆడి, మాంట్రియల్ మరూన్స్‌ని 2-1తో ఓడించారు. అమెరికాలో జరిగిన తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ కూడా అదే. 1946లో బాస్కెట్‌బాల్ జట్టు బోస్టన్ సెల్టిక్స్ సొంత ఊళ్లో తొలి ఆట ఆడిందీ అక్కడే. హార్వర్డ్, బోస్టన్ కాలేజ్, బోస్టన్ యూనివర్సిటీ, నార్త్‌ఈస్టర్న్ తలపడే బీన్‌పాట్ టోర్నీ 1952 డిసెంబరులో అక్కడే పుట్టింది. ఆ భవనం 1979లో నార్త్‌ఈస్టర్న్ చేతికొచ్చింది, 1982లో మాథ్యూస్ అరీనాగా పేరు మారింది.

ఈ చరిత్రంతా నాకు తర్వాత తెలిసింది. నన్ను పట్టేసింది మాత్రం బాల్కనీ. అది ఐస్ మీదికి వంగి చూస్తున్నట్టుండేది. ముందు వరుసలో కూర్చుంటే ఆటగాళ్ల హెల్మెట్ల మీది గీతలు కూడా కనిపించేవి. పక్ అంటే బంతికి బదులు వాడే సుమారు 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని ఫ్రీజ్ చేస్తారు. అది ఐస్ చుట్టూ గోడలా ఉండే బోర్డుకి తగిలితే తలుపు మీద సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. ఇద్దరు ఆటగాళ్లు ఆ బోర్డు మీది గ్లాసుకి గుద్దుకుంటే ఆ అదురు మన కాళ్లకి తెలిసేది. అంత దగ్గరగా ఉంటే రూల్స్ తెలియకపోయినా టెన్షన్ దానంతటదే వస్తుంది.

బాల్కనీలో స్టూడెంట్ల గుంపు పేరు డాగ్‌హౌస్. జట్టు పేరు హస్కీస్, అంటే మంచులో బండిలాగే కుక్కలు కదా మరి! మనవాళ్లు గోల్ కొడితే ఎన్నో గోలో అందరూ కలిసి లెక్కపెట్టి, ఎదుటి గోల్‌కీపర్‌ని, అంటే గోలీని, జల్లెడా, జల్లెడా అని ఏడిపించేవారు. పాపం, వాడికీ ఇరవై ఏళ్లే. మొదట్లో నాకు జాలేసేది, తర్వాత అందరికంటే గట్టిగా నేనే అరిచేదాన్ని.

కానీ ఆట నిజంగా అర్థమైంది అమ్మాయిల మ్యాచ్‌ల్లో. సగం కుర్చీలు ఖాళీగా ఉండటంతో స్కేట్లు ఐస్‌ని గీకే చప్పుడు, గోలీ వెనకనుంచి డిఫెండర్లకి వేసే కేకలు, అన్నీ వినపడేవి. ఎవరు ఎక్కడికి ఎందుకు కదులుతున్నారో ఆ కేకల వల్లే తెలిసింది. ఆడవాళ్ల కాలేజీ హాకీలో అత్యున్నతమైన ప్యాటీ కాజ్‌మైయర్ అవార్డు 2016లో కెండల్ కోయిన్‌కి, 2021లో గోలీ ఏరిన్ ఫ్రాంకెల్‌కి వచ్చింది. ఇద్దరూ ఆ ఐస్ మీద ఆడినవాళ్లే. అలాంటివాళ్లు ఆడుతుంటే సగం కుర్చీలు ఖాళీగా ఉండటం ఊరికే సిగ్గుచేటు. నాకు మాత్రం మంచి సీటు దొరికేదనుకోండి.

ఇక నార్త్‌ఈస్టర్న్ మగవాళ్లు 30 ఏళ్ల తర్వాత బీన్‌పాట్ గెలిచింది 2018లో. ఆడమ్ గోడెట్ హ్యాట్రిక్ కొట్టాడు, బోస్టన్ యూనివర్సిటీ మీద 5-2. ఆ ఫైనల్ టీడీ గార్డెన్‌లో. పెద్ద స్టేడియం, మెత్తటి కుర్చీలు, తలెత్తితే భారీ తెర. సంతోషం పట్టలేకపోయాను, కాదనను. అయినా నా కళ్లు ఐస్ వదిలేసి తెర మీదే ఉండిపోయాయి. మాథ్యూస్‌లో అలా ఎప్పుడూ జరగలేదు.

2025 డిసెంబరులో అక్కడ చివరి ఆట అయిపోయింది. నూటపదిహేనేళ్ల కట్టడం, ఇక నిలబెట్టలేమన్నారు. అదే చోట కొత్తది వస్తుంది. హాకీకి ఉన్న సీట్లు కాస్త తగ్గుతాయట. తగ్గనీండి, ఫరవాలేదు. బాల్కనీని మాత్రం వెనక్కి జరపకూడదని నా కోరిక.

ప్రశ్నలుంటే అడగండి. ఆఫ్‌సైడ్ గురించి మాత్రం భోజనాలయ్యాక.